మూడు విజిళ్లు, ఒక పెద్దబాతు

"మూడు విజిళ్లు రాగానే పొయ్యి కట్టేయండి" అని చెప్పి మా ఆవిడ గుడికి వెళ్లింది. నేను ఆవిడ మాట జవదాటను. వరండాలో కుర్చీ వేసుకుని, కళ్లు పుస్తకానికీ చెవులు వంటింటికీ అప్పగించి కూర్చున్నాను. అరగంట గడిచినా ఒక్క విజిల్ రాలేదు. ఆ తర్వాత వాసన వచ్చింది.

కుక్కరులో కందిపప్పు వేశాను, పసుపు వేశాను, మూత గట్టిగా బిగించాను. నీళ్లు మాత్రం పోయలేదు. నీళ్లు లేనిదే ఆవిరి ఎక్కడిది, ఆవిరి లేనిదే విజిల్ ఎక్కడిది? అది రానంతసేపూ నేను నిష్ఠగా కాపలా కాశాను.

చిత్రమేమిటంటే, నేను చదువుతున్నది రిచర్డ్ ట్రెవిథిక్ కథ. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో గనుల యంత్రాల మధ్య పెరిగిన మనిషి. ఆవిరి పీడనం పెంచితే ప్రమాదమని జేమ్స్ వాట్ అంతటివాడు వద్దంటాడు. పెంచితేనే గదంత యంత్రం బండి మీద పట్టేంత చిన్నదవుతుందని ఈయన పట్టు. 1801 డిసెంబరు 24న కాంబోర్న్‌లో తన ఆవిరి బండి మీద జనాన్ని ఎక్కించుకుని, గుర్రమన్నది లేకుండా గుట్ట ఎక్కించాడు. ఆ బండికి 'బుసకొట్టే దయ్యం' అని అర్థం వచ్చే పేరు స్థిరపడింది.

నాలుగు రోజులకు, 28న, దయ్యం టెహిడీకి ప్రయాణం కట్టింది. అక్కడ డేవిస్ గిడ్డీ అనే మిత్రుడు స్వాగతం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ఎత్తు మీదికి కూడా చక్కగానే నడిచిన బండి, మూడు నాలుగు వందల గజాలు పోగానే చెడింది. దాన్ని ఒక పంచ కిందికి తోసి, మనవాళ్లు మనసు కుదుటపరచుకోవడానికి దగ్గరలోని హోటలుకు వెళ్లారు. కాల్చిన పెద్దబాతు, దానికి తగ్గ పానీయాలు. బాయిలరు కింద నిప్పు ఉందన్న సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. నీళ్లు ఇగిరిపోయాయి, ఇనుము ఎర్రగా కాలింది, బండిలోనూ ఆ కొట్టంలోనూ అంటుకోగలిగినదంతా బూడిదైంది. ఇదంతా గిడ్డీయే తర్వాత రాసిపెట్టాడు. అప్పటికి బాతు పూర్తయిందో లేదో మాత్రం రాయలేదు.

1803లో గ్రీనిచ్‌లో ట్రెవిథిక్ బాయిలరు ఒకటి పేలి మనుషులే పోయారు. అది నవ్వే విషయం కాదు. ఆ తర్వాత ఆయన బాయిలరుకు సీసపు బిరడా పెట్టాడు. నీరు తగ్గితే సీసం కరిగి, ఆవిరి బయటికి పోతుంది. మా కుక్కరు మూత మీది సేఫ్టీ వాల్వు ఆ బిరడాకు మునిమనవరాలి వరస. ఆ రోజు కరిగినది అదే.

పాత్రల కొట్టతను ఆ వాల్వును వెలుతురులో తిప్పి చూసి, "నీళ్లు పోయలేదా సార్?" అన్నాడు. ఇంతమందిని చూసినవాడికి నేనేం చెప్పను?

మా ఆవిడ గుడి నుంచి వచ్చాక కాంబోర్న్ సంగతి మొదటి నుంచీ వినిపించాను. మహామహులకే తప్పలేదని నా భావం. ఆవిడ ప్రసాదం పక్కన పెట్టి, మాడిన కుక్కరు వైపు చూస్తూ ఓపిగ్గా విన్నది.

"వాళ్లకు బాతయినా దక్కింది. మనం ఏం తినాలి?"