బ్రెజిల్ మాజీ కరెన్సీ క్రుజాడో గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్రుజాడో గారికి,

పట్టుపట్టి ఉద్యమాలు నడిపేవాళ్లని ఇంగ్లీషులో క్రూసేడర్లు అంటారు. పోర్చుగీసులో ఆ మాట మీ పేరే. సిలువ గుర్తు వేసుకుని మతయుద్ధానికి వెళ్లినవాడని అసలు అర్థం. మీ పూర్వీకుడు అందుకే పుట్టాడు. తుర్కుల మీద దండయాత్ర కోసం పోర్చుగల్ రాజు అయిదో అఫోన్సో 1457లో కొట్టించిన నాణెం ఆయన. కలిసి రావాల్సిన మిగతా యూరప్ రాజులు కదల్లేదు, దండు మరుసటేడు మొరాకో మీద పడింది. ఏదైతేనేం, ఆయన బంగారం. తమరు కాగితం.

తమరు 1986 ఫిబ్రవరి 28న పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్లో అవతరించారు. ధరలు అదుపు తప్పాయని అధ్యక్షుడు సార్నీ పాత కరెన్సీ క్రుజేరోకి మూడు సున్నాలు కోసి మిమ్మల్ని నిలబెట్టాడు, ధరలన్నీ ఎక్కడివక్కడ బిగించాడు. కొత్త నోట్లు వచ్చేలోగా పదివేల క్రుజేరోల నోటు మీదే 'పది క్రుజాడోలు' అని గుండ్రటి ముద్ర గుద్దేశారు. అవతారం అంటే ఇంత సులువా!

జనం మాత్రం నిజంగానే క్రూసేడర్లైపోయారు. చొక్కాకి 'నేను సార్నీ తనిఖీదారుని' అని బ్యాడ్జీ, చేతిలో సర్కారు ధరల పట్టిక. రేటు చీటీ మారిందా, మేనేజరుకి మూడినట్టే. కురిచీబా నగరంలో ఒకాయన ప్రజల పేరు చెప్పి సూపర్‌మార్కెట్టే మూయించాడు. జీతాలు పెంచి, ధరలు కట్టేస్తే కొట్లో ఏం మిగులుతుంది? మాంసం మాయమైంది. కావాలంటే పట్టిక ధర బిల్లులో, పైడబ్బు చాటుగా. చివరికి రైతులు అమ్మకుండా ఆపారని పోలీసులు పచ్చిక బయళ్లకెళ్లి పశువుల్ని జప్తు చేశారు. పాపం, ఆ ఆవులు ఏ ధర పెంచాయో! అంతమంది తనిఖీదారుల్లో సర్కారు ఖర్చుల పద్దు అడిగినవాడు ఒక్కడున్నాడా?

నవంబరు 15న ఎన్నికలు. ఒక్క రాష్ట్రం తప్ప గవర్నర్ పదవులన్నీ సార్నీ పార్టీకే. ఆరు రోజులు తిరక్కుండా పెట్రోలు, కార్లు, సిగరెట్లు, మందు రేట్లు పెంచేశారు. ఏరు దాటాక తెప్ప తగలేయడానికి పోర్చుగీసు అడ్డం రాదన్నమాట.

1989 జనవరిలో మీకూ మూడు సున్నాలు ఎగిరిపోయాయి. మీ వెయ్యి నోటు మీద రచయిత మషాదు ది అసీస్ బొమ్మ ఉండేది కదా, దాని మీద ముక్కోణపు ముద్ర గుద్ది 'ఒక కొత్త క్రుజాడో' అన్నారు. ఈసారి ముద్ర ఆకారమైనా మార్చారు, సంతోషించండి.

జవాబు రాస్తే స్టాంపులు మాత్రం బ్రెజిల్ ఇప్పటి కరెన్సీ రియల్‌తో కొనండి.

ఇట్లు,
తమ పేరు చూసి మోసపోని ఒక పాఠకుడు