మా అమ్మమ్మ కూడా నర్సే

నర్సుగా రిటైరై, ఇంటికి పెద్దదిక్కుగా బతికిన నాయనమ్మ గురించి ఒక మనవరాలు రాసిన వ్యాసం చదువుతుంటే మా అమ్మమ్మే కళ్లముందు మెదిలింది.

ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు డిస్పోజబుల్ సిరంజీలు లేవు. గాజు సిరంజీలు, సూదులు నీళ్లలో మరిగించి మళ్లీ మళ్లీ వాడేవాళ్లట. పాదరసం థర్మామీటర్‌ని మణికట్టుతో ఒక్క విదిలింపులో దించేది. నేను ప్రయత్నిస్తే రెండు పగిలాయి. (తిట్టలేదు, పాదరసం విషమని ముందు మమ్మల్ని గదిలోంచి పంపేసింది.)

తాతయ్య పక్షవాతంతో మంచం పట్టిన నాలుగేళ్లూ రెండు గంటలకోసారి ఆయన్ని ఒత్తిగిలించాల్సిందే. ఒకేచోట బరువు పడితే రక్తం ఆడక చర్మం పుండు పడుతుందని మాకందరికీ నేర్పి, వంతులు వేసింది. రాత్రి వంతు మాత్రం తనదే. మావయ్య తప్పించుకోబోతే "డ్యూటీ అంటే డ్యూటీ" అని ఒక్క మాట, అంతే. తాతయ్య ఒంటి మీద ఒక్క పుండు పడలేదు.

వ్యాసంలో 'త్యాగమూర్తి' అన్న మాటతోనే నాకు పేచీ. అమ్మమ్మని అలా పొగిడితే విసుక్కునేది, "చదివి నేర్చుకున్న పనిరా ఇది" అని. ఆధునిక నర్సింగ్‌కి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే అందరికీ చేతిలో దీపమే గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే రోగాలతోనే ఎక్కువమంది సైనికులు పోయారని ఆమె 1858లోనే లెక్కలు బొమ్మగీసి చూపించిన సంగతి ఎవరూ చెప్పరేమని అమ్మమ్మ కోపం.

ఇప్పుడు ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా అమ్మ నాడి పట్టుకుని గడియారం వైపు చూస్తుంది. ఆ నిమిషంపాటు అందరం మాటలాపేస్తాం.