పన్ను లేని పిల్లకు పన్ను ఆదా

మార్చి రాగానే బెజవాడ వాళ్లకు దానగుణం పొంగుకొస్తుంది. డబ్బు కాదు లెండి, సలహాలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల ఎవరైనా కనిపిస్తే చాలు, బెంజి సర్కిల్ నుంచి గవర్నర్‌పేట దాకా ప్రతి మనిషీ ‘ఈఎల్ఎస్ఎస్‌లో పెట్టమ్మా, ట్యాక్స్ సేవ్ అవుతుంది’ అంటాడు. ఈఎల్ఎస్ఎస్ అంటే పాత పన్ను విధానంలో మినహాయింపు ఇచ్చే మ్యూచువల్ ఫండు, పెట్టిన డబ్బు మూడేళ్లు తీయడానికి లేదు. ఆ పిల్లకు అసలు ట్యాక్స్ పడుతుందా అని అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. అలా అడగడం మర్యాద కాదు కాబోలు.

మా కొలీగ్ గారమ్మాయి సంగతే చూడండి. మంగళగిరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి ఆరు లక్షలు. ఏదీ ఎంచుకోకుండా ఊరుకున్నవాళ్లకు వర్తించేది కొత్త పన్ను విధానం. 2025-26 నుంచి అందులో జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షల దాకా కట్టాల్సింది సున్నా. పైగా ఈఎల్ఎస్ఎస్ లాంటి వాటికిచ్చే 80సి మినహాయింపు అక్కడ లేనే లేదు. అంటే ఆ అమ్మాయి ఐదొందలు పెట్టినా, లక్షన్నర పెట్టినా ఆదా అయ్యే పన్ను కూడా సున్నాయే. ఇలాంటివన్నీ చూస్తూ కూర్చుంటే మార్చి 31 దాటిపోదూ!

వాళ్ల నాన్నగారు మహా పద్ధతైన మనిషి. కూతురికి ఇంటర్‌లో కాలేజీని ఎలా ఎంపిక చేశారో, ఫండునూ అలాగే ఎంపిక చేయడానికి కూర్చున్నారు. డైనింగ్ టేబుల్ మీద లాంగ్ నోట్‌బుక్, స్కేలు, రెండు రంగుల పెన్నులు. ఏడాది రాబడి ఒక గడి, మూడేళ్లది ఇంకో గడి, రేటింగ్ స్టార్లు ఎన్నో మరో గడి. పోయినేడు ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్న ఫండు ఈ ఏడు ఎక్కడో అడుగున కనిపించేసరికి ఆయన మనసు విరిగిపోయింది. ‘లెక్చరర్లు మారిపోయి ఉంటారు’ అన్నారు. చూస్తే ఫండ్ మేనేజర్ నిజంగానే మారాడు. ఆ సాయంత్రం మొత్తానికి పనికొచ్చిన మాట అదొక్కటే.

ఇంతలో గుంటూరు నుంచి బావమరిది ఫోను. స్పీకర్‌లో పెట్టారు. ‘బావా, వెయ్యి రూపాయల యూనిట్ ఎవరైనా కొంటారా? కొత్త కంపెనీ వాడి ఫండు వస్తోంది, యూనిట్ పది రూపాయలే! పదివేలు పెడితే వెయ్యి యూనిట్లు. అక్కడైతే పదంటే పది!’ నాన్నగారు ఎర్ర పెన్నుతో ‘1000’ అని రాసి రెండుసార్లు కింద గీత గీశారు. రెండూ పది శాతం పెరిగితే రెండుచోట్లా వచ్చేది వెయ్యి రూపాయలే కదా మావయ్యా అంది అమ్మాయి మెల్లగా. ‘పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో లెక్కలేంటమ్మా’ అన్నాడు మేనమామ. నెలనెలా కడితే మూడేళ్లకు అంతా ఒకేసారి తీసుకోవచ్చని కూడా ఆయనే సెలవిచ్చాడు. ప్రతి వాయిదాకూ అది కట్టిన రోజు నుంచి విడిగా మూడేళ్ల లాకిన్, అంటే తీయకూడని గడువు, ఉంటుందన్న ముక్క ఆయన దాకా వెళ్లినట్టు లేదు.

ఆ నోట్‌బుక్‌లో లేని గడి ఖర్చుది. ఒకే ఫండుకు డైరెక్ట్ (మధ్యలో ఎవరూ లేకుండా కొనేది), రెగ్యులర్ అని రెండు ప్లాన్లు 2013 నుంచీ ఉన్నాయి. రెగ్యులర్‌లో అమ్మిపెట్టినవాడి కమీషన్ ఏటా మన డబ్బులోంచే పోతుంది. ఆ ఖర్చుకు స్టార్లు ఉండవు కాబట్టి ఎవరూ చూడరు.

రాత్రి పదింటికి కూడా ఏదీ తేలలేదు. మర్నాడు అమ్మాయి ఒక్కతే బందరు రోడ్డులో తన జీతం పడే బ్యాంకుకు వెళ్లి ఈఎల్ఎస్ఎస్ అడిగింది. క్యాబిన్‌లో టై కట్టుకున్న బాబు ‘అది రిస్క్ మేడమ్, ఇది గ్యారంటీ’ అని, ఏడాదికి అరవై వేల చొప్పున పదేళ్లు కట్టే బీమా పాలసీ మీద సంతకం పెట్టించాడు. ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా తనే చదివి తనే కొట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, ‘ట్యాక్స్ సేవ్ అవుతుంది మేడమ్.’

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఆ పిల్ల జీతం ఎంతో ఎదురుగా కంప్యూటర్‌లో కనిపిస్తూనే ఉంది అతనికి. పన్ను పడదని తెలుసు. తెలిసే చేశాడు. ఆమె అడిగింది మూడేళ్లు ఆగితే చేతికొచ్చేది. అంటగట్టింది పదేళ్లు కడుతూనే ఉండాల్సింది, మధ్యలో మానేస్తే కట్టినదాంట్లో కొంత పోయేది. టార్గెట్ ఉంటుందండీ, పాపం, పైనుంచి ఒత్తిడండీ అంటారు. ఒత్తిడి ఉంటే మీ పైవాడితో తేల్చుకోండి. మొదటి ఉద్యోగంలో నెలకు ఐదు వేలు మిగుల్చుకున్న పిల్ల దొరికిందా మీకు?

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు వద్దని వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ 30 రోజుల సంగతి క్యాబిన్‌లో ఎవరూ చెప్పరు. కాగితం మీద రాసివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మార్చి కదా, బిజీ, ఏప్రిల్‌లో రండి అంటారు. కదలకండి. బయట బందరు రోడ్డు మీద ఎండ ఎలాగూ మాడ్చేస్తోంది. లోపల ఏసీ నడిచేది మీ డబ్బుతోనే, ముద్ర పడేదాకా కూర్చోండి.