సొరుగులో దొరికిన ఒలింగిటో

మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒలింగిటో ఫొటో పెట్టారు. పిల్లికీ టెడ్డీబేర్‌కీ మధ్య రకం మొహం, గుండ్రటి కళ్లు, ఎర్రటి గోధుమరంగు బొచ్చు. కింద 'సైంటిస్టులు అడవిలో కనిపెట్టిన కొత్త జంతువు' అని రాసుంది. 2013 నాటి పాత వార్త, సరే. ఆ 'అడవిలో' అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది.

ఒలింగిటో రకూన్ల కుటుంబంలోది. కిలో కూడా తూగదు. కొలంబియా, ఈక్వెడార్‌లలో ఆండీస్ కొండల మీద, 1500 నుంచి 2750 మీటర్ల ఎత్తున, మేఘాలు కమ్ముకుని ఉండే అడవుల్లో బతుకుతుంది. చీకటి పడ్డాక కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ పండ్లు తింటుంది. జంతుశాస్త్రం దాన్ని వేసింది మాంసాహార క్రమంలో, తినేదేమో ఎక్కువగా మర్రి, మేడి లాంటి పండ్లు. ఆ గోల ఇంకో పోస్టులో చెప్తాను.

అసలు సంగతేమిటంటే, క్రిస్టఫర్ హెల్గెన్ అనే శాస్త్రవేత్తకు ఇది మొదట ఎదురైంది 2003లో, షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఒక సొరుగు లాగినప్పుడు. ఆయన చూడాలనుకున్నవి ఒలింగోలు, అంటే దీనికి దగ్గరి చుట్టాలు. కానీ ఆ సొరుగులో తోళ్లు మరీ ఎర్రగా ఉన్నాయి, బొచ్చు ఒత్తుగా ఉంది. పుర్రెలు చిన్నవి, పళ్ల తీరే వేరు. చీటీల మీద ఎక్కడ పట్టారో, ఎంత ఎత్తులో పట్టారో రాసి ఉంది. అంత ఎత్తులో ఒలింగోలు ఉంటాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఎవరో ఎప్పుడో ఓపిగ్గా రాసిన ఆ చీటీలు పట్టుకునే 2006లో ముగ్గురు ఈక్వెడార్ అడవికి వెళ్లారు. మొదటి రాత్రే చెట్టు మీద కనిపించింది. ఏ కొండకు వెళ్లాలో చీటీలు చెప్పకపోతే ఎన్ని రాత్రులు తిరిగేవాళ్లో!

ఇంకా విచిత్రం రింగెర్ల్ కథ. అది కొలంబియాలో పట్టుకొచ్చిన ఆడ ఒలింగిటో. 1960లు, 70లలో అమెరికా జూలలో పెరిగింది. అందరూ దాన్ని ఒలింగో అనే అనుకున్నారు. పిల్లల్ని పెట్టించాలని, పెళ్లి సంబంధాలకు తిప్పినట్టు లూయీవిల్, టూసాన్, సాల్ట్ లేక్ సిటీ, వాషింగ్టన్, న్యూయార్క్ తిప్పారు. ఏ మగ ఒలింగోతోనూ కుదరలేదు. జాతే వేరైతే ఎలా కుదురుతుంది? పాపం, పొగరు అనుకునే ఉంటారు. 1976లో చచ్చిపోయింది. అసలు పేరు పెట్టడానికి ఇంకో 37 ఏళ్లు పట్టింది. ఇన్ని జూలలో ఇంతమంది కళ్లెదుట తిరిగిన జంతువుని 'అడవిలో కనిపెట్టారు' అంటే ఎలా?

నా కోపం ఆ ఫార్వర్డ్ మీద మాత్రమే కాదులెండి. నేను బీజెడ్సీ చదివిన కాలేజీలో జువాలజీ మ్యూజియం అని ఒక గది ఉండేది. బీరువాల నిండా ఫార్మాలిన్ సీసాలు: కట్లపాములు, తేళ్లు, సముద్రపు గుర్రాలు, పేరు తెలియని చేపలు. సీసా సీసాకీ ఇంకుతో రాసిన చీటీ. ఫార్మాలిన్ తగ్గితే మా లెక్చరర్ మాచేత పోయించేవారు. కళ్లు మండి ఏడ్చేవాళ్లం, ఆయన్ని తిట్టుకునేవాళ్లం కూడా.

మూడేళ్ల కిందట సర్టిఫికెట్ పని మీద వెళ్తే ఆ గది ఖాళీ చేస్తున్నారు. తనిఖీ టీమ్ వస్తోందట, కంప్యూటర్ ల్యాబ్ కావాలట. ల్యాబ్ వద్దని నేనూ అనను. వరండాలో పెట్టుకోవడానికి రెండు బీరువాలు దొరకవా? "ఎవరు చూస్తారు సార్ ఇవన్నీ, కంపు" అన్నాడు అటెండర్. ఆయన తప్పేం లేదు, పైనుంచి చెప్పింది చేస్తున్నాడు.

2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయినప్పుడు రెండు రోజులు అయ్యో అనుకున్నాం. అది అగ్గి. ఇక్కడ మనమే చేత్తో పారేస్తున్నాం.

మున్సిపాలిటీ బండిలోకి ఎత్తుతుంటే ఒక గబ్బిలం సీసా నా చేతికొచ్చింది. ఫార్మాలిన్ సగానికి ఇంకిపోయింది. చీటీ మీద మా పక్క ఊరి పేరు, 1962 అన్న అంకె చదవగలిగాను. జాతి పేరు రాయాల్సిన చోట మాత్రం పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది.