కీర్తనల్లో మనం దాటేసే పేజీలు

డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధన అయ్యాక, కొత్త ఏడాదికి దేవుడి మాటగా బైబిలు వాక్యం అచ్చేసిన వాగ్దానం కార్డు తీసుకునే అలవాటు మన తెలుగు చర్చీలతో పాటే విమానం ఎక్కి ఈ పరాయి దేశానికి వచ్చింది. ఆ కార్డుల మీద బైబిల్లోని కీర్తనల గ్రంథంలోని మాటలు తరచూ కనిపిస్తాయి. కాపరి, కేడెం, కోట, నీడ... అన్నీ ధైర్యం చెప్పేవే. తప్పేం లేదు. కాకపోతే 150 కీర్తనల పుస్తకాన్ని ఫ్రిజ్ మీద అంటించుకునే సైజుకి కుదించేశామన్నదే నా బాధ. 88వ కీర్తన కార్డు ఎవరికైనా వచ్చిందా? నేనైతే చూడలేదు.

ఆ కీర్తన పైన, రాసినవాడిగా హేమాను పేరుంటుంది. మొదట్లోనే 'నన్ను రక్షించే దేవా' అని పిలుస్తాడు. ఆశ అనదగ్గది అంతవరకే. పగలూ రాత్రీ మొరపెట్టుకుంటున్నా ముఖం చాటేశావంటాడు, అయినవాళ్లను నువ్వే దూరం చేశావంటాడు. మధ్యలో ఓ వాదన లేవదీస్తాడు. చచ్చినవాళ్లు లేచి నిన్ను పొగుడుతారా, సమాధిలో నీ కృప గురించి ఎవరు చెప్పుకుంటారు అని. అంటే నన్ను పోనిస్తే నష్టం నీకే సుమా అనడం! 18 వచనాలూ ఇలాగే నడిచి చీకట్లోనే ఆగిపోతుంది. చివర్లో ఓ మంచి మాట చెప్పి సర్దిపుచ్చడం లేదు. పైగా ఇది ఎవరో డైరీలో దాచుకున్న ఏడుపు కాదు. ప్రధాన గాయకుడికి అని, ఫలానా రాగం మీద పాడాలి అని శీర్షికలోనే ఉంది. నలుగురిలో పాడుకోవడానికే కట్టిన పాట. ఆ రాగం ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

తెలుగువాళ్లకి ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. గోల్కొండ చెరసాలలో కూర్చుని, చేయించిన నగలన్నీ పేరుపేరునా లెక్క చెప్పి, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీసిన రామదాసు మనకున్నాడు. ఆయన్ని భక్తుడు కాదని ఎవరూ అనలేదు. మరి చర్చిలో మనం దేవుడి మీద చిన్న ఫిర్యాదు చేస్తే అవిశ్వాసం అయిపోతుందా?

కీర్తనలను రకాలుగా విడదీసి చూపిన జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్, ఒంటరి మనిషి పెట్టుకునే మొరలే ఈ గ్రంథానికి పునాది అన్నాడు. మన ప్రార్థన కూడికల్లో వినిపించేవి మాత్రం సాక్ష్యాలు. ఉద్యోగం పోయింది, ప్రార్థించాం, ఇంకా మంచిది వచ్చింది. వీసా ఆగింది, ఉపవాసం ఉన్నాం, స్టాంపింగ్ అయిపోయింది. కథ సుఖాంతం అయినవాళ్లకే మైకు. ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు, ఇండియాలో అమ్మ ఐసీయూలో ఉంటే టికెట్ దొరక్క టెన్షన్ పడుతున్నవాళ్లు, వెనక వరసలో చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోతారు. ఇలాంటివాళ్ల కోసమే 13వ కీర్తన ఉంది. ఆరు వచనాలే. మొదటి రెండింట్లోనే 'ఎన్నాళ్లు' అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది.

చదివే పద్ధతి గురించి కూడా ఓ మాట. మూడ్‌ని బట్టి ఏరుకోకుండా వరసగా చదవాలని నా అభిప్రాయం. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ మఠ గురువు తన సన్యాసులకు వారంలో 150 కీర్తనలూ పూర్తి చేయాలని నియమం పెట్టాడు. యూదుల్లో నెలకోసారి పూర్తి చేసేలా రోజువారీ భాగాలున్నాయి. మనకంత తీరిక లేకపోవచ్చు, రోజుకొకటి చాలు. మనసు బాగున్న రోజున ఏడుపు కీర్తన తగిలితే, ఏడుస్తున్న పక్కింటివాడి తరఫున చదివినట్టవుతుంది.

హీబ్రూ రాదే అనుకోవద్దు. ఆ కవిత్వానికి ప్రాణం ప్రాసలో కంటే భావంలోనే ఎక్కువ. ఒక పాదంలో అన్నదాన్నే రెండో పాదంలో ఇంకాస్త బిగించి అనడం, లేదా తిరగేసి అనడం. ఇంగ్లిష్ పండితుడు రాబర్ట్ లౌత్ 1753లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో దీన్ని విడమరిచి చెప్పాడు. తెలుగులోకి వచ్చినా ఆ జోడీ చెదరదు. పైకి చదివితే, రెండో పాదం దగ్గర ఎక్కడ బిగిసిందో చెవికి తెలిసిపోతుంది. అక్షరక్రమంలో కట్టిన 119వ కీర్తన సంగతి వేరు. 22 హీబ్రూ అక్షరాలకు ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆ అందం మాత్రం మనకు అందదు.

ఇక ప్రవాసులమని మనం ముచ్చటపడి తలుచుకునే 137వ కీర్తన. బబులోను నదుల పక్కన కూర్చుని సీయోనును, అంటే తమ యెరూషలేమును, తలుచుకుని ఏడ్చిన యూదులది. వాళ్లను బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం ఊరు తగలబెట్టి ఈడ్చుకెళ్లింది. మనలో చాలామంది వీసా ఇంటర్వ్యూకి ముందు ఉపవాసం ఉండి మరీ వచ్చినవాళ్లం. కాబట్టి ఆ కన్నీళ్లను అరువు తెచ్చుకునే ముందు కీర్తనను చివరిదాకా చదవాలి. ఆఖరి వచనంలో శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడని ఉంది. చదవకుండా దాటేయడం తేలికే. దానికి 'ఆమేన్' అనడం నావల్ల కాదు, చింపేసే హక్కూ నాకు లేదు. అంతా పోగొట్టుకున్న మనిషి తన కసిని కత్తిలో కాక ప్రార్థనలో పెట్టాడని ప్రస్తుతానికి నేను అర్థం చేసుకుంటున్నాను. మా ఇంట్లోనే దీనికి ఒప్పుకోనివాళ్లున్నారు. అందుకే దీన్ని ఒంటరిగా కాకుండా, గట్టిగా వాదించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చదవమంటాను.