ఆ ఫార్వర్డ్‌లో ‘నాయకుడు’ ఎవరు?

ఎన్నికల గాలి వీచినప్పుడల్లా మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక పాత మెసేజ్ లేచి కూర్చుంటుంది. మొన్న మా బాబాయి మళ్లీ పెట్టాడు, చివర్లో నాలుగు దండాలు, ఒక జెండా బొమ్మతో. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: నాయకుడు రెండు చోట్ల పోటీ చేయొచ్చు, నువ్వు రెండు చోట్ల ఓటెయ్యలేవు. నువ్వు జైల్లో ఉంటే ఓటు లేదు, నాయకుడు జైల్లోంచే నిలబడొచ్చు. ఒక్కసారి జైలుకెళ్తే నీకు జన్మలో గవర్నమెంటు ఉద్యోగం రాదు, నాయకుడు ఎన్నిసార్లు వెళ్లొచ్చినా ముఖ్యమంత్రి అవుతాడు. గెలవకపోయినా మంత్రిగా కూర్చోవచ్చు. అటెండరు పోస్టుకు చదువు కావాలి, వేలిముద్ర వేసేవాడు మంత్రి కావచ్చు. అసలు ఎమ్మెల్యే కావడానికి ఏ అర్హతా అక్కర్లేదు. నిజమైన భారతీయుడివైతే పది మందికి పంపు.

నేను పంపలేదు. బాబాయికి ఫోన్ చేశాను. ముప్పావుగంట మాట్లాడుకున్నాం. అవే మాటలు కాస్త సర్ది రాస్తున్నాను.

ఏ అర్హతా అక్కర్లేదన్న చివరి మాట దగ్గర మొదలుపెడతాను, అదే శుద్ధ తప్పు కాబట్టి. రాజ్యాంగం 173వ అధికరణ ప్రకారం భారత పౌరుడై ఉండాలి, శాసనసభకైతే 25 ఏళ్లు, మండలికైతే 30 ఏళ్లు నిండాలి, నామినేషన్ వేశాక రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇంకొకటి చేర్చింది: ఆ రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. కుప్పంలో ఓటున్నవాళ్లు ఆ చివరనున్న ఇచ్ఛాపురంలో నిలబడొచ్చు. కోదాడలో ఓటున్నాయన మాత్రం పక్కనే ఉన్న జగ్గయ్యపేటలో నిలబడలేడు, మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది కదా. ఇవి కాక 191వ అధికరణలో అనర్హతలున్నాయి: ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉండటం, దివాలా, మతిస్థిమితం లేదని కోర్టు తేల్చడం.

‘అవన్నీ కాగితం మీద మాటలురా’ అన్నాడు బాబాయి. వేములవాడ సంగతి గుర్తుచేశాను. అక్కడ 2009 నుంచి నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది. తీర్పు వచ్చేసరికి ఆయన పదవీకాలాలన్నీ అయిపోయాయి, అది వేరే విషాదం. రూలు లేకపోవడం వేరు, రూలు నత్తనడక నడవడం వేరు. మెసేజ్ రాసినవాడు ఈ రెండో దాని మీద విరుచుకుపడి ఉంటే నేనూ పది మందికి పంపేవాణ్ణేమో.

రెండు చోట్ల పోటీ నిజమే. కానీ రెండు చోట్ల నిలబడినాయనకు కూడా ఓటు ఒక్కటే. పోటీనీ ఓటునూ పక్కపక్కన పెట్టి తూచడమే ఇక్కడ తిరకాసు. ఒకప్పుడు ఈ రెండు అన్న హద్దు కూడా లేదు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ, మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచి హిందూపురం ఉంచుకున్నారు. రెండుకు మించకూడదని చట్టంలో చేర్చింది 1996లో. రెండూ గెలిస్తే ఒకటి వదులుకోవాల్సిందే. 2023లో కామారెడ్డిలో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ తమ సొంత సీటుతో పాటు అదనంగా నిలబడితే, అక్కడి జనం ఇద్దర్నీ కాదని మూడో ఆయన్ని గెలిపించారు. నాకైతే ఈ రెండు చోట్ల పద్ధతి నచ్చదు. ఉప ఎన్నిక ఖర్చు మన నెత్తిన పడుతుంది. ఎన్నికల సంఘం కూడా దీన్ని ఎత్తేయమని 2004లోనే అడిగింది. పార్లమెంటు వినలేదు.

జైలు మాట సగం నిజం. జైల్లో ఉన్నవాళ్లు ఓటెయ్యకూడదని చట్టంలోని 62(5) సెక్షన్ చెబుతోంది. అది నాయకుడికీ వర్తిస్తుంది. జైల్లోంచి నామినేషన్ వేసినాయన తన ఓటు తాను వేసుకోలేడు. అదే జైల్లో రిమాండులో ఉన్న మామూలు మనిషి కూడా నామినేషన్ వేయొచ్చు. ఓటు వేయలేనివాడు పోటీ ఎలా చేస్తాడని 2013 జులైలో సుప్రీంకోర్టు అడ్డం పెట్టింది. పార్లమెంటు అదే ఏడాది చట్టం సవరించి ఆ తీర్పును దాటేసింది. అన్ని పార్టీలూ ఇంత చురుగ్గా ఒక్కటయ్యే సందర్భాలు అరుదు. ఇందులో నిజంగా అన్యాయమైనది ఇంకోటుంది. శిక్ష పడి బెయిలు మీద బయటున్నాయన ఓటెయ్యొచ్చు. బెయిలుకు పూచీ ఇచ్చేవాడు దొరక్క లోపలున్న పేదవాడు, నేరం రుజువు కాకపోయినా, వేయలేడు. మెసేజ్‌లో ఆ పేదవాడి ఊసే లేదు.

ఎన్నిసార్లు జైలుకెళ్లినా ముఖ్యమంత్రి కావచ్చన్న మాటకు జయలలిత కథ చాలు. 2001లో ఆమె నామినేషన్లు తిరస్కరించారు, కారణాల్లో ఒకటి అప్పటికే పడిన శిక్ష. పార్టీ గెలవడంతో ఎమ్మెల్యే కాకుండానే ముఖ్యమంత్రి అయ్యారు. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఆ నియామకమే చెల్లదంది. 2014 సెప్టెంబర్‌లో మరో కేసులో శిక్ష పడగానే కుర్చీ, ఎమ్మెల్యే సభ్యత్వం రెండూ పోయాయి. మరుసటి ఏడాది హైకోర్టు నిర్దోషి అన్నాకే తిరిగొచ్చారు. మామూలుగా రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే, ఆ శిక్షాకాలంతో పాటు విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీకి వీల్లేదు. అప్పీలు వేసి పదవిలో కొనసాగే వెసులుబాటు ఉండేది, దాన్ని 2013లో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అలాగని బాబాయి కోపంలో న్యాయం లేదనను. కేసు నడుస్తున్నంత కాలం అనర్హత లేదు, మన కేసులు నడిచే తీరు తెలిసిందే. ఇంకో తేడా కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ముఖ్యమంత్రికి ఆ లెక్క లేదు. 2024లో ఢిల్లీ ముఖ్యమంత్రిగా కేజ్రీవాల్ నెలల తరబడి జైల్లోంచే పదవిలో ఉన్నారు. 30 రోజులు నిర్బంధంలో ఉంటే పదవి పోయేలా 2025 ఆగస్టులో కేంద్రం 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టింది. శిక్ష పడకుండానే, అరెస్టుతోనే పదవి పోతే ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందని నేనడిగాను. బాబాయి ‘ఊఁ’ అని ఊరుకున్నాడు. ఇక మామూలు మనిషికి జైలుకెళ్తే జన్మలో ఉద్యోగం రాదన్నదీ సరి కాదు. కేసు ఉన్న సంగతి దాచిపెట్టడం పెద్ద తప్పవుతుంది కానీ, ప్రతి కేసూ ఉద్యోగానికి శాశ్వతంగా అడ్డం కాదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టంగానే చెప్పింది.

గెలవకుండా మంత్రి కావచ్చు, కానీ ఆరు నెలలే. మావోయిస్టుల చేతిలో చనిపోయిన అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు కొడుకు శ్రావణ్ కుమార్‌ను 2018 నవంబర్ 11న మంత్రిని చేశారు. ఆయన 2019 ఏప్రిల్‌లో పోటీ చేశారు. ఫలితాలు మే 23న. ఆరు నెలల గడువేమో మే 10తో సరి. ఈవీఎంలో ఓట్లు ఉన్నాయి, లెక్క తేలలేదు, మే 9న రాజీనామా చేయాల్సొచ్చింది. ఒకసారి దిగిపోయి మళ్లీ ప్రమాణం చేసే కిటుకు కూడా చెల్లదని పంజాబ్ మంత్రి ఒకాయన కేసులో సుప్రీంకోర్టు 2001లోనే తేల్చేసింది.

ఇక చదువు. ఇది నిజం, చదువు నిబంధన లేదు. బాబాయి పక్షాన బాబూ రాజేంద్రప్రసాదే ఉన్నారు. చట్టం అమలు చేసేవాళ్లకు పెద్ద పెద్ద అర్హతలు పెట్టి, ఆ చట్టాలు చేసేవాళ్లకు ఏమీ పెట్టకపోవడం పొంతన లేని పని అని 1949 నవంబర్ 26న రాజ్యాంగ సభలోనే బాధపడ్డారాయన. అయినా ఎందుకు పెట్టలేదంటే, 1951 జనాభా లెక్కల్లో అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆడవాళ్లలో 9 మంది కూడా లేరు. బడికి పంపనిది మనమే, చదవలేదని పోటీకి వద్దనేదీ మనమేనా? చిన్నప్పుడే బడి మానేసిన కామరాజ్ 1954 నుంచి తొమ్మిదేళ్లు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండి ఊరూరా బడులు తెరిపించారు, పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు.

పంచాయతీల్లో హర్యానా 2015లో చదువు నిబంధన పెట్టింది. జనరల్ మగవాళ్లకు పదో తరగతి, ఆడవాళ్లకు ఎనిమిది. సుప్రీంకోర్టు సరేనంది. రాజస్థాన్ అలాంటిదే పెట్టి 2019లో తీసేసింది. పంచాయతీలకైతే రాష్ట్రం చట్టం చేసుకోవచ్చు. ఎమ్మెల్యే అర్హతలు పార్లమెంటు చేతిలోవి. అందుకే మన ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం ఒక వింత నడిచింది: ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్ కాలేరు, ముఖ్యమంత్రి కావచ్చు. 2024లో ఆంధ్ర అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ఇంకో వింత చెప్తే బాబాయి నవ్వాడు. పట్టభద్రుల ఎమ్మెల్సీకి ఓటెయ్యాలంటే డిగ్రీ ఉండాలి, పోటీ చేయడానికి అక్కర్లేదు.

చదువు నిబంధన లేకపోయినా చదువు దాచడానికి లేదు. నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. పాన్ నంబరు, ఐదేళ్ల ఆదాయం, భార్య మెడలో బంగారం ఎన్ని గ్రాములు, ఎఫ్ఐఆర్ నంబర్లు, సర్కారు క్వార్టర్‌లో ఉంటే కరెంటు బిల్లు బాకీ, చివర్లో చదువు. గడి ఖాళీగా వదిలేసి, అధికారి గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ కొట్టేయొచ్చు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. బాబాయి ఇంతవరకు ఒక్కటీ తెరవలేదట.

మెసేజ్‌లో ‘నువ్వు’ అన్నా ‘నాయకుడు’ అన్నా చట్టానికి ఒకరే, ఓటరు జాబితాలో పేరున్న పాతికేళ్లు దాటిన మనిషి. అదే చెప్పాను.

‘అయితే నేనూ నిలబడొచ్చంటావా?’ అన్నాడు.

‘నిక్షేపంగా. డిపాజిట్ పది వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది గోవిందా. ఇండిపెండెంటువి కాబట్టి, ఆ నియోజకవర్గం ఓటర్లే పది మంది నీ నామినేషన్ మీద సంతకం పెట్టాలి బాబాయ్.’

కాసేపు లెక్కేసుకున్నాడు. ‘పిన్ని పెడుతుంది. మిగతా తొమ్మిది మంది ఎక్కడ దొరుకుతార్రా?’