కాలు కింద పెట్టనివ్వండి

డిసెంబరులో కనిగిరి వైపు అమెరికాలోని మన తెలుగు సంఘం చేసిన సేవా కార్యక్రమం వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు అయ్యాక వీల్‌చైర్ల పంపిణీ మొదలైంది. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ చేతికర్ర సాయంతో, ఎవరినీ పట్టుకోకుండా, స్టేజీ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఆమెని వీల్‌చైర్లో కూర్చోబెట్టి, వెనక ఫ్లెక్సీ కనపడేలా కాస్త జరిపి ఫొటో తీశారు. "ఇక ఈ అమ్మ కాలు కింద పెట్టక్కర్లేదు" అన్నాడు మైకు పట్టుకున్న మిత్రుడు. పందిరంతా చప్పట్లు.

నేను ఆ పందిట్లోనే ఉన్నాను. వీడియోలో లేనిది, చప్పట్లు ఆగాక ఆవిడ నన్ను అడిగిన మాట. "అమ్మయ్యా, దీన్ని నేను యాడ పెట్టుకునేది? మా గడపే దాటదు. రాత్రిపూట దొడ్లోకి పోయేదానికి కోడల్ని లేపాల్సి వస్తా ఉండాది, దానికేమన్నా దారి చెప్పు."

ఆవిడ వెంట ఇంటికి వెళ్ళాను. వీధిలోంచి వసారాకి రెండు ఎత్తు మెట్లు, తర్వాత గడప. బాత్రూము దొడ్లో ఉంది, తలుపు రెండడుగులు. మామూలు వీల్‌చైరు వెడల్పు దాదాపు 25 అంగుళాలు, అంటే అది లోపలికి పోనే పోదు. ఆవిడకి కావలసింది రెండు మెట్ల మధ్య ఒక అరమెట్టు, గోడకి స్టీలు కడ్డీ, దొడ్డి దారిలో ఒక లైటు, మోకాళ్ళు మడవకుండా కూర్చోవడానికి కమోడ్ కుర్చీ. చేతికర్ర ఆవిడకి మరీ పొడుగు. చెయ్యి కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గరికి రావాలి దాని పిడి. కింద రబ్బరు బుడిపె అరిగిపోయి కర్ర నున్నటి గచ్చు మీద జారుతోంది. అది కొత్తది వేయడానికి ఎంతవుతుందో మీకు తెలుసు.

ఆ ప్రాంతం సంగతి చాలామందికి తెలిసిందే. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కనిగిరి చుట్టుపక్కల చాలా బోర్లలో దాటుతుంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకి వెన్ను, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. ఎముకల్లోకి చేరిన ఆ జబ్బు మందులతో వెనక్కి పోదు. బిగిసిన కీలు కదలడం మానేస్తే ఉన్న కాస్త వంపూ పోతుంది. అలాంటి మనిషిని కాలు కింద పెట్టొద్దని కూర్చోబెట్టాం మనం.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఈ పేరు విని "అంటే ఫిజియోనే కదా?" అని మన పిక్నిక్కుల్లో ఇప్పటికీ అడుగుతుంటారు. పొద్దున పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి రాత్రి దుప్పటి కప్పుకునేదాకా మనిషి చేసుకునే పనుల్లో ఏది ఆగిపోయింది, దాన్ని మళ్ళీ ఎలా చేయించాలి అని చూడటం మా పని. మనిషి వల్ల కాకపోతే పని చేసే పద్ధతిని, వాడే వస్తువుని, ఇంటిని మారుస్తాం. ఇది అమెరికా వైద్యం అనుకోకండి. ఇక్కడ పుట్టి, పెళ్ళితో మన దేశం వెళ్ళిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకి మన దేశంలో తొలి బడి పెట్టారు. మనం ఇటు వచ్చాం, ఆవిడ అటు వెళ్ళారు.

మా అమ్మ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కావలిలో ఉంటుంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. మా పిన్నమ్మలు, పక్కింటివాళ్ళు ఎంత ప్రేమగా చూశారో చెప్పలేను. అన్నం కలిపి పెట్టారు, తల దువ్వారు, మంచినీళ్ళు నోటికందించారు. "జీవితమంతా చాకిరీ చేసింది, ఇకనన్నా కూర్చోనియ్యండి" అనేవాళ్ళు. నేను వెళ్ళేసరికి అమ్మ పొద్దున్నుంచి రాత్రిదాకా టీవీ ముందు ఉంది. ఏ సీరియల్ నడుస్తోందని అడిగితే తెలియదంది.

వేలికి బలం రావాలని మేం క్లినిక్కులో బంకమట్టి లాంటిది పిసికిస్తాం. అమ్మకి అది ఇస్తే పక్కన పడేసేది. ఓ పొద్దున చేటలో చిక్కుడుకాయలు పోసి తన ముందు పెట్టాను. ఎడంచేత్తో కాయ పట్టుకుని, కుడి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఈనె లాగాలి. మొదట ఈనె సగంలోనే తెగింది. అమ్మ దాన్ని కాసేపు చూసి, కాయ తిప్పి రెండోవైపు నుంచి అందుకుంది. నేను సాయం చేయబోతే చెయ్యి నెట్టేసింది. తర్వాత చింతపండు గింజలు తీయడం, మల్లెపూలు కట్టడం మొదలుపెట్టింది. ముడి వదులుగా పడితే విప్పి మళ్ళీ వేసేది. గరిటె కాడ సన్నగా ఉండి జారుతుంటే గుడ్డ చుట్టి లావు చేశాను. ఆ తర్వాత ఉదయగిరి చెక్క గరిటెల్లో లావుకాడది ఒకటి తెచ్చాం. పట్టు తగ్గిన చేతికి అది భలే కుదిరింది. స్టవ్వు కిందికి దించి, కుర్చీలో కూర్చుని దోసె పోసింది అమ్మ. అంతకుముందే ఓ రోజు పిన్నమ్మ వండిన కూర తింటూ, "ఈనెలు తీయకుండా ఏసినారేందే?" అని కోప్పడింది. ఎన్నో నెలల తర్వాత అమ్మ కోప్పడటం అదే మొదలు. పిన్నమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఊరి పద్ధతులన్నీ గొప్పవని నేననను. ఆడవాళ్ళ నడుములు విరగ్గొట్టిన చాకిరీ అది, దాన్ని మళ్ళీ నెత్తిన పెట్టమని అడగడం లేదు. కానీ తెల్లారి కళ్ళాపి, ముగ్గు, పూలమాల, మధ్యాహ్నం అరుగు మీద నలుగురితో బియ్యంలో రాళ్ళేరుకోవడం, వీటిలో వంగడం, నిలబడటం, వేళ్ళు, కళ్ళు, మాటామంతీ అన్నీ ఉన్నాయి. మా క్లినిక్కుల్లో ఇంతకన్నా మంచి వరస నేను చూడలేదు.

దీనికి లెక్కలూ ఉన్నాయి. 1997లో లాస్ ఏంజెలిస్‌లో 361 మంది పెద్దవాళ్ళ మీద చేసిన పరిశోధన వచ్చింది. థెరపిస్టుల సాయంతో రోజువారీ పనుల్ని తమకి తగ్గట్టు దిద్దుకున్నవాళ్ళు, ఊరికే నలుగురితో కాలక్షేపం చేసినవాళ్ళకన్నా ఆరోగ్యంలోనూ ఉత్సాహంలోనూ మెరుగ్గా ఉన్నారు. 2007లో ఇంకో అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచానికే పరిమితం చేస్తే, సగటున కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గింది. పది రోజులకే అంత.

మన వాలంటీర్లు సెలవులు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్లు కొనుక్కుని వెళ్ళారు. వాళ్ళ మనసు మీద నాకు అనుమానం లేదు. కాళ్ళు చచ్చుబడినవాళ్ళకి, కాలు తీసేసినవాళ్ళకి సరైన వీల్‌చైరు ఇస్తే లోకం తలుపు తెరుచుకున్నట్టే, అది ఇచ్చి తీరాలి. కానీ మనిషిని చూసి, కొలిచి, వాడటం నేర్పి, తర్వాత మళ్ళీ వెళ్ళి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే చెప్పింది. మనం ఫొటో దగ్గరే ఆగిపోయాం.

ట్రస్టు బోర్డు పెద్దలకి నా మనవి. ఈ డిసెంబరుకి వీల్‌చైర్ల ఆర్డరు ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఇంటింటికీ వెళ్దాం. "నువ్వు మళ్ళీ ఏం చేసుకోవాలనుకుంటున్నావమ్మా?" అని అడిగి రాసుకుందాం. ఒకరికి కడ్డీ, ఒకరికి అరమెట్టు, ఒకరికి లావుకాడ గరిటె, ఒకరికి నిజంగానే వీల్‌చైరు రాసుకుంటాం. ఊళ్ళో మేస్త్రీతోనే చేయిద్దాం. మనలో థెరపిస్టులు, ఫిజియోలు, నర్సులు చాలామంది ఉన్నారు, దయచేసి పేర్లివ్వండి. నేను సెలవు పెట్టుకున్నాను. మేస్త్రీ కూలి, కడ్డీల ఖర్చు సంఘం భరిస్తే చాలు, ఆ పెద్దావిడ దొడ్డి దారితోనే పని మొదలుపెడదాం.